రెండు నిమిషాల హక్కు: సియాటిల్ కౌన్సిల్ ఫోన్ లైన్లో కులం

2023 ఫిబ్రవరి 21. సియాటిల్ నగర కౌన్సిల్ తన వివక్ష వ్యతిరేక చట్టంలో ‘కులం’ అనే మాట చేర్చింది. అనుకూలంగా ఆరు ఓట్లు, వ్యతిరేకంగా ఒకటి. అమెరికాలో ఒక నగరం ఈ పని చేయడం అదే మొదటిసారి. ప్రతిపాదన పెట్టింది క్షమా సావంత్. పుణెలో పుట్టి ముంబైలో పెరిగిన ఈ సోషలిస్టు కౌన్సిలర్ తాను బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చానని దాచుకోలేదు. మంగళవారం మధ్యాహ్నం అక్కడ రెండు గంటలైతే ఇక్కడ బుధవారం తెల్లవారుజామున మూడున్నర. హైదరాబాదులోనూ గుంటూరులోనూ నిద్ర మానుకుని ఆ లైవ్ చూసినవాళ్లు ఉన్నారు.

ఆ ఓటు గురించి, సావంత్ గురించి, హిందూ సంఘాల అభ్యంతరాల గురించి చాలా రాశారు. ఓటుకు ముందు నడిచిన తతంగం గురించి రాసింది తక్కువ. ఆ రోజు మాట్లాడటానికి వందమందికి పైగా పేర్లు ఇచ్చారు. ముందుగా మాట్లాడే అవకాశం కోసం చలిలో సిటీ హాల్ బయట బారులు తీరినవాళ్లు ఉన్నారు. జనం ఎక్కువయ్యారని కౌన్సిల్ ఒక్కొక్కరి సమయం తగ్గించింది. మాట్లాడే దారులు రెండు: హాల్లో మైకు ఒకటి, ఫోన్ లైన్ ఒకటి. మనం చూడాల్సింది ఆ రెండో దారిని. కులం గురించి నోరు విప్పితే ఉద్యోగం పోతుందేమోనని భయపడే మనిషికి ఆ దారి ఏం ఇచ్చింది? ఏం ఇవ్వలేకపోయింది? మన మున్సిపాలిటీల్లో అలాంటిది ఎందుకు లేదు?

అక్కడ మామూలు మనిషి ఎలా మాట్లాడతాడు

అమెరికా నగర కౌన్సిళ్లలో ‘పబ్లిక్ కామెంట్’ అని ఒక ఘట్టం ఉంటుంది. కౌన్సిలర్లు ఓటు వేసే ముందు ఊరివాళ్లు వచ్చి రెండు మాటలు చెబుతారు. సియాటిల్‌లో మామూలుగా ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, అందరికీ కలిపి ఇరవై నిమిషాలు. గొడవ పెద్దదైతే అధ్యక్షస్థానంలో ఉన్నవారు మొత్తం సమయాన్ని పెంచవచ్చు, ఒక్కొక్కరి సమయాన్ని తగ్గించవచ్చు. మాట్లాడేది ఆ రోజు ఎజెండాలో ఉన్న విషయం మీదో, కౌన్సిల్ చేతిలో ఉన్న పని మీదో ఉండాలి. కౌన్సిలర్లు జవాబు చెప్పాల్సిన పని లేదు. వింటారు, అంతే. కొందరు ఫోన్ చూసుకుంటూ కూడా వింటారు, అది వేరే సంగతి.

పౌరసత్వం అడగరు. ఓటరు కార్డు అడగరు. ఆ నగరంలోనే ఉండాలన్న పట్టింపు కూడా లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1971 నుంచి ‘బహిరంగ సమావేశాల చట్టం’ ఉంది. పాలక మండలి తీసుకునే నిర్ణయం జనం కళ్లముందే జరగాలనేది దాని సారం. సమావేశానికి వచ్చేవాళ్లను పేరు రాసి రమ్మనడానికి వీల్లేదని కూడా అందులో ఉంది. వినడానికి పేరు అక్కర్లేదు. మాట్లాడాలంటే మాత్రం నమోదు చేసుకోవాలి, వరుస వచ్చినప్పుడు పేరు పిలుస్తారు. కులం విషయంలో ఈ చిన్న తేడా ఎంత పెద్దదో తర్వాత చూద్దాం.

అయితే ఆ చట్టం చాలా ఏళ్లపాటు జనానికి చూసే హక్కు ఇచ్చిందే కానీ మాట్లాడే హక్కు ఇవ్వలేదు. పబ్లిక్ కామెంట్ అనేది ఆయా కౌన్సిళ్లు తమంతట తాము పెట్టుకున్న ఆనవాయితీ. అది మారింది కరోనా తర్వాత.

2020 మార్చిలో గవర్నర్ ఉత్తర్వుతో రాష్ట్రంలోని పాలక మండళ్లన్నీ ముఖాముఖి సమావేశాలు ఆపేశాయి. అంతకు కొన్ని వారాల ముందు, ఫిబ్రవరి 3న, ఇదే సియాటిల్ కౌన్సిల్ మన సీఏఏ, ఎన్ఆర్‌సీలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. అప్పటికి మాట్లాడాలంటే హాలుకు రావాల్సిందే. ఉత్తర్వు తర్వాత అంతా ఫోన్ మీదికి వెళ్లింది. సమావేశానికి కొద్ది గంటల ముందు ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. ఒక నంబరు పంపుతారు. దానికి ఫోన్ చేసి వరుస కోసం వేచి ఉండాలి. పేరు పిలవగానే మ్యూట్ తీసి మాట్లాడాలి.

ఆ వేసవిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత పోలీసు బడ్జెట్ మీద గొడవ నడిచింది. నల్లజాతి యువత, గిడ్డంగుల్లో పనిచేసేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు ఫోన్ లైన్లో బారులు కట్టారు. పనిరోజు మధ్యాహ్నం రెండు గంటలకు సిటీ హాలుకు ఎవరు రాగలరు? రిటైరైనవాళ్లు, వ్యాపారుల సంఘాల ప్రతినిధులు, జీతం తీసుకుని లాబీయింగ్ చేసేవాళ్లు. ఫోన్ లైన్ వచ్చాక ఆ జాబితా మారింది. భోజన విరామంలో, బస్సులో, ఆగి ఉన్న కారులో కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడటం సాధ్యమైంది.

కరోనా తగ్గాక కథ వెనక్కి పోకుండా 2022లో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించింది. తుది నిర్ణయం తీసుకునే ప్రతి సాధారణ సమావేశంలోనో, దానికి ముందో జనం అభిప్రాయం చెప్పే అవకాశం ఇవ్వడం తప్పనిసరి అయింది. సమావేశానికి భౌతికంగా ఒక చోటు ఉండాలి. దాంతోపాటు ఫోన్, ఆన్‌లైన్ దారులు కూడా పెట్టమని చట్టం ప్రోత్సహించింది. ‘ప్రోత్సహించింది’ అంటే ఆదేశించలేదని అర్థం. రెండో దారి ఇప్పటికీ కౌన్సిళ్ల దయ మీదే ఉంది.

గుర్తుపట్టబడతామన్న భయం

ఆఫ్రికన్ అమెరికన్‌కు ఫోన్ లైన్ ఇచ్చింది ప్రధానంగా సమయం, దూరం, బస్సు ఖర్చు. దళితుడి విషయంలో ఇంకొకటి ఉంది. అమెరికాలో నల్లమనిషి నల్లమనిషిగా కనిపిస్తూనే బతుకుతాడు. దళితుడు చాలాసార్లు కనిపించకుండా బతుకుతాడు. ఇంటిపేరు చెప్పకుండా మొదటి పేరుతో నెట్టుకొస్తాడు. మాంసం సంగతి వస్తే నవ్వి ఊరుకుంటాడు. ‘మీదే ఊరండీ? ఊళ్లో ఏ వైపు?’ అని తోటి తెలుగువాడు మర్యాదగా అడిగితే గొంతు తడారిపోతుంది. ఆ రెండో ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో అడిగేవాళ్లకూ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకూ తెలుసు.

అలాంటి మనిషి సిటీ హాలులో మైకు ముందు నిలబడి ‘నేను దళితుడిని, నా టీమ్‌లో నాకిలా జరిగింది’ అని చెప్పాడంటే అక్కడికక్కడే పది జతల కళ్లు అతన్ని చూస్తాయి. ఆ హాల్లో వ్యతిరేకంగా మాట్లాడటానికి వచ్చినవాళ్లలో అతని అపార్ట్‌మెంట్‌వాళ్లు ఉండవచ్చు, పై అధికారి స్నేహితుడు ఉండవచ్చు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లోపు ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసా దారో చూసుకోవాలి, లేకపోతే దేశం విడవాలి. ఇంటి అద్దె, పిల్లల బడి, ఇక్కడ అమ్మానాన్నల మందుల ఖర్చు అన్నీ ఆ 60 రోజుల మీద వేలాడతాయి. ఇంత బరువు మోస్తూ హాలుకు వచ్చి మాట్లాడినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఒక చట్టం బాధితుల ధైర్యం మీదే ఆధారపడితే ఎక్కువమంది బాధితులు దాని బయటే ఉండిపోతారు.

2020 జూన్ చివర కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసిన సంగతి మీకు తెలిసిందే. ఆ కేసులోని దళిత ఇంజనీరును కోర్టు కాగితాలు ‘జాన్ డో’ అని పిలిచాయి. అంటే ‘పేరు చెప్పని వ్యక్తి’ అని. ఆ మారుపేరు లేకపోతే కేసే ఉండేది కాదేమో. కోర్టులో మారుపేరుకు ఒక దారి ఉంది. కౌన్సిల్ సమావేశంలో అలాంటి దారి దాదాపు లేదు.

ఫోన్ లైన్ ముఖాన్ని దాచింది. పేరును దాచలేదు, గొంతును దాచలేదు. పైగా ఒక కొత్త ముప్పు తెచ్చింది. సియాటిల్ కౌన్సిల్ సమావేశాలు నగరం సొంత ఛానల్‌లో ప్రసారమవుతాయి, తర్వాత కూడా వీడియోలు అక్కడే ఉంటాయి. హాల్లో చెప్పినా ఫోన్లో చెప్పినా ఆ రెండు నిమిషాలు ముక్కగా కోసి వాట్సాప్‌లో తిప్పడానికి ఎవరికీ అడ్డు లేదు. సియాటిల్‌లో మాట్లాడిన మాట సాయంత్రానికి కాకినాడలో ఇంటి అరుగు మీద వినిపిస్తుంది. ‘మీ అబ్బాయి ఏదో మాట్లాడాడంటగా’ అని అడుగుతారు.

ఈమెయిల్ రాస్తే సరిపోతుంది కదా అని విద్యార్థులు కొందరు అడుగుతుంటారు. జాగ్రత్త. వాషింగ్టన్‌లో ప్రభుత్వ రికార్డుల చట్టం మన సమాచార హక్కు చట్టం కంటే ముందే పుట్టింది. కౌన్సిలర్‌కు పంపిన ఈమెయిల్ కూడా ప్రభుత్వ రికార్డే, దరఖాస్తు పెట్టినవాళ్లు దాన్ని కోరవచ్చు. ఆఫీసు ఈమెయిల్ నుంచి, కంపెనీ పేరు, హోదా కింద రాసి పంపడం అన్నింటికంటే ప్రమాదం. కాస్త భద్రమైన పద్ధతి పాతదే: పేరు బయటపెట్టలేని మనిషి వాంగ్మూలాన్ని సంఘం ప్రతినిధి చదివి వినిపించడం. అందులో కంపెనీ, బృందం, ఊరు, జిల్లా వంటి ఆనవాళ్లు తీసేయాలి. ‘ఫలానా జిల్లా నుంచి వచ్చిన ఒకే ఒక్క అమ్మాయి’ అని రాస్తే పేరు రాసినట్టే.

అదే లైన్లో అవతలివాళ్లు

ఆన్‌లైన్ తలుపు మనకోసమే తెరుచుకోదు. 2021 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ మానవ హక్కుల కమిషన్ కుల వివక్ష మీద ఆన్‌లైన్లో బహిరంగ విచారణ పెట్టింది. గంటల తరబడి సాగింది. ఒకరు తన బతుకులో జరిగిన అవమానం చెబుతారు. వెంటనే ఇంకొకరు వచ్చి ‘నేను ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను, కులం ఎక్కడా చూడలేదు’ అంటారు. ఆయన నిజంగానే చూసి ఉండడు. చెప్పులో రాయి తొడుక్కున్నవాడి కాలికే తెలుస్తుంది. కానీ గంట మోగగానే ఇద్దరి సమయమూ సమానంగా ముగుస్తుంది. రికార్డులో ఒకటి అనుకూలం, ఒకటి వ్యతిరేకం.

నిమిషాలు సమానంగా పంచితే న్యాయం జరిగిందనుకునే పద్ధతిలో ఉన్న లోపం ఇది. ఒకవైపు మాట్లాడే మనిషి వెనక భయం ఉంది. అవతలివైపు దేశమంతా విస్తరించిన సంఘాలు, ఈమెయిల్ జాబితాలు, తయారుగా రాసిచ్చిన మాటలు, ఖాళీ సమయం ఉన్నాయి. ఊళ్లో నివాసం అక్కర్లేదన్న నియమం వల్ల ఏ రాష్ట్రంలో ఉన్నవాళ్లయినా లైన్లోకి రావచ్చు. మనవైపూ అలాగే వచ్చారు. వేరే నగరాల అంబేద్కరైట్ సంఘాలు, ఈక్వాలిటీ ల్యాబ్స్ లాంటి సంస్థలు అండగా నిలవకపోతే సియాటిల్‌లో ఆ ఓటు జరిగేది కాదు. కాబట్టి ‘స్థానికులకే మైకు’ అనే మాటకు మనం తొందరపడి చప్పట్లు కొట్టకూడదు. స్థానికంగా పదిమంది ఉన్న సమూహానికి బయటి గొంతులే బలం.

వ్యతిరేకుల వాదన ఏమిటో కూడా తెలుసుకోవాలి. చట్టాల్లో ఇప్పటికే వంశం, జాతి, మతం, జాతీయ మూలం అనే మాటలున్నాయి, వాటిలో కులం ఇమిడిపోతుంది, వేరే మాట పెడితే ఒక్క దక్షిణాసియా వాళ్లనే వేలెత్తి చూపినట్టవుతుంది అని. సియాటిల్‌లో వ్యతిరేకంగా ఓటేసిన ఏకైక సభ్యురాలు సారా నెల్సన్ కూడా దాదాపు అదే అన్నారు: తగినంత అధ్యయనం జరగలేదు, హిందువుల మీద వివక్ష పెరగవచ్చు, యజమానులు దక్షిణాసియా వాళ్లను తీసుకోవడానికి వెనకాడవచ్చు. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్, ఆయిషా వహాబ్ ప్రవేశపెట్టిన కుల వివక్ష బిల్లును ‘అవసరం లేదు, ఉన్న చట్టాలే చాలు’ అంటూ వీటో చేశాడు. దానికి కొద్ది రోజుల ముందే, సెప్టెంబరు చివర, ఆ రాష్ట్రంలోని ఫ్రెస్నో నగరం సియాటిల్ బాట పట్టింది. ఉన్న చట్టాలే చాలనేవాళ్లకు ఒక చిన్న ప్రశ్న. ఫిర్యాదు తీసుకునే గుమాస్తాకు కులం అంటే ఏమిటో తెలియనప్పుడు ‘వంశం’ అనే గడిలో టిక్కు పెట్టాలని బాధితుడికి ఎవరు చెబుతారు? సియాటిల్ చట్టం చేసిన మంచిపని ఆ మాటకు నిర్వచనం రాయడం: పుట్టుకతో వచ్చే హోదా, కులంలోపలి పెళ్లిళ్లు, ఆచారమో చట్టమో మతమో అండగా నిలిచే సామాజిక అడ్డుగోడలు ఉన్న కఠినమైన అంతరాల వ్యవస్థ అని. ఏ మతం పేరూ రాయలేదు.

మైకుకు హద్దుల్లేకపోయినా కోర్టుకు హద్దులున్నాయి. నార్త్ కరోలినాలో ఉండే ఒకాయన సియాటిల్ చట్టం తనకు హాని చేస్తుందని ఫెడరల్ కోర్టుకెళ్లాడు. మీకు జరిగిన నష్టమేమీ కనిపించడం లేదు, కేసు వేసే అర్హత లేదు అని 2024లో కోర్టు కొట్టేసింది. దేశానికి ఈ చివర నుంచి ఆ చివరికి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు, దావా వేయాలంటే మాత్రం తగిలిన దెబ్బ చూపించాలి.

తలుపు మూసిన నగరాలు

2023 శరదృతువులో ఇంకో పరిణామం జరిగింది. యూదు వ్యతిరేక, నల్లజాతి వ్యతిరేక మూకలు పథకం ప్రకారం కాలిఫోర్నియా నగరాల కౌన్సిల్ సమావేశాల్లోకి ఆన్‌లైన్లో చొరబడి, తమ వంతు రాగానే బూతులు, విద్వేషం కుమ్మరించడం మొదలుపెట్టాయి. మొహం కనిపించదు, దొంగపేరు చాలు. మాట్లాడేది వాక్‌స్వాతంత్ర్యం పరిధిలోకి వస్తుంది కాబట్టి కౌన్సిల్ చటుక్కున ఆపలేదు. చివరికి శాన్ ఫ్రాన్సిస్కో పర్యవేక్షక మండలి ఆ అక్టోబరులో ఆన్‌లైన్ కామెంటునే రద్దు చేసింది. వైకల్యం ఉన్నవాళ్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప మిగతావాళ్లంతా హాలుకు రావాల్సి వచ్చింది.

ఎవరు శిక్ష అనుభవించారో చూడండి. విద్వేషం వెళ్లగక్కినవాళ్లు ఇంకో నగరం వెతుక్కున్నారు. నైట్ షిఫ్టు చేసి వచ్చే ఆయా, బిడ్డను వదిలి రాలేని తల్లి, పేరు బయటపడుతుందని భయపడే ఉద్యోగి మళ్లీ గేటు బయట నిలబడ్డారు. మంద బుద్ధి చూపినవాళ్ల వంకతో మొదట మూసేది ఎప్పుడూ పేదవాళ్ల తలుపే. లైన్ నియంత్రణకు మనుషులను పెట్టడం, ఎజెండాలో లేని విషయం ఎత్తితే ఆపే నియమాన్ని గట్టిగా వాడటం లాంటి మార్గాలు ఉండగా సులువైనది ఎంచుకున్నారు.

చట్టం పుట్టాక

సియాటిల్‌కు సమానత్వం మాట కొత్త కాదు. 2004లోనే ఆ నగరం ‘జాతి, సామాజిక న్యాయ కార్యక్రమం’ మొదలుపెట్టింది. 2023లో దాన్ని చట్టంలోకి కూడా ఎక్కించింది. నగర ఉద్యోగులు ఏదైనా పథకమో బడ్జెట్టో తయారుచేసేటప్పుడు కొన్ని ప్రశ్నలకు జవాబు రాయాలి: దీనివల్ల లాభం ఎవరికి, భారం ఎవరి మీద, ఆ జనాన్ని అడిగారా లేదా? మంచి ప్రశ్నలే. కానీ ఆ చట్రంలో భారతీయుడంటే ఒకే ఒక ‘ఆసియన్’. పీడన తెల్లవాడి నుంచి గోధుమరంగువాడికి వస్తుంది. గోధుమరంగువాడి నుంచి గోధుమరంగువాడికి వచ్చే పీడనకు అందులో గడి లేదు. రెండు దశాబ్దాలు ఆ ప్రశ్నలు అడిగిన నగరంలో కులం అనే మాట బయటి నుంచి, ఉద్యమం ద్వారా, ఫోన్ లైన్ ద్వారా రావాల్సి వచ్చింది.

ఇప్పుడు చట్టం ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దె, అమ్మకాల్లో, హోటళ్లు, దుకాణాలు, రవాణా లాంటి బహిరంగ స్థలాల్లో వర్తిస్తుంది. ఫిర్యాదు చేయాల్సింది సియాటిల్ పౌరహక్కుల కార్యాలయానికి. ఆన్‌లైన్లో చేయవచ్చు, రుసుము లేదు. నగర ఉద్యోగులు వలస స్థితి గురించి అడగకూడదని 2003 నుంచి ఆ నగరంలో శాసనం ఉంది. వీసా మీద ఉన్న మన పిల్లలు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది కాబట్టి ఏడాది గడిచాక చూద్దాం అనుకోకూడదు. తేదీలు, మెసేజీలు, మీటింగుల్లో అన్న మాటలు ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి.

హద్దు ఎక్కడుందో కూడా తెలియాలి. సియాటిల్ అంటే మనవాళ్లకు మైక్రోసాఫ్ట్, అమెజాన్. అమెజాన్ ప్రధాన కార్యాలయం నగరంలోనే ఉంది. మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్ వేరే నగరం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే బెల్వ్యూ, సమామిష్, బాతెల్ అన్నీ వేరు వేరు నగరాలు, వేరు వేరు కౌన్సిళ్లు. సరస్సు మీద వంతెన దాటితే సియాటిల్ చట్టం ఆగిపోతుంది.

కౌన్సిల్ తీర్మానం గెలిచినంత మాత్రాన నీళ్లు నోటిదాకా రావని మనకు మహాద్ నేర్పింది. 1923లో ఎస్.కె. బోలే తీర్మానంతో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలంది. మహాద్ మున్సిపాలిటీ దాన్ని ఒప్పుకుంటూ మరుసటి ఏడాది తీర్మానం చేసింది. కాగితం మీద చవదార్ చెరువు అందరిదీ. 1927 మార్చిలో బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగేదాకా ఒక్క దళితుడూ అందులో చెయ్యి ముంచలేకపోయాడు. తాగాక దాడులు జరిగాయి. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది. హైకోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. ఓటు వేసిన చేతులే ఓటు వెనక్కి తీసుకోగలవు. సావంత్ 2023 చివర కౌన్సిల్ నుంచి తప్పుకున్నారు. ఫిర్యాదులు తీసుకునే కార్యాలయానికి ఎంత బడ్జెట్ ఇస్తారు, ఎంతమందికి కులం గురించి శిక్షణ ఇస్తారు అన్నది ఏటా బడ్జెట్ సమావేశాల్లో తేలుతుంది. ఆ సమావేశాలకు హాల్లో జనం ఉండరు, టీవీ కెమెరాలు ఉండవు. ఫోన్ లైన్ మాత్రం ఉంటుంది.

మన హైదరాబాదులో

ఇక మన సంగతి. కరోనా కాలంలో జీహెచ్ఎంసీ కౌన్సిల్ కూడా ఆన్‌లైన్లో సమావేశమైంది. కార్పొరేటర్లు ఇళ్ల నుంచి, ఆఫీసుల నుంచి మాట్లాడారు. సియాటిల్‌లో ఆన్‌లైన్ జనానికి తలుపు తెరిస్తే ఇక్కడ జనం ముందూ లేరు, తర్వాతా లేరు. మన మున్సిపల్ కౌన్సిల్లో మామూలు పౌరుడికి మాట్లాడే వంతు అనేదే లేదు. కార్పొరేటర్ ద్వారా చెప్పుకోవాలి. లేదా సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలి. ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ వేరు, మాట వేరు. అర్జీ మీ ఇంటి ముందు కాలువ గురించి. మాట అంటే బడ్జెట్ మీద ఓటు పడే ముందు, అందరూ వింటుండగా, రికార్డులోకి ఎక్కేది.

ఊళ్లో గ్రామసభ ఉంది. ఎన్ని చోట్ల సంతకాలతో సరిపెట్టినా, ఓటరైన ప్రతి మనిషికీ అందులో లేచి అడిగే హక్కు ఉంది. మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో వచ్చినవాడు సర్పంచ్‌ని లెక్క అడగవచ్చు. అదే మనిషి పని కోసం నగరానికి వలస వచ్చి బస్తీలో చేరగానే ఆ హక్కు పోతుంది. 74వ రాజ్యాంగ సవరణ, 243ఎస్ అధికరణం కింద మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడిగి చూడండి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం వార్డు స్థాయిలో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అంటూ కమిటీలు రాసింది. ‘ప్రముఖుల’ కమిటీ ఉంది. ఊడ్చేవాళ్ల కమిటీ లేదు.

నగరాన్ని తెల్లవారకముందే ఊడ్చే పారిశుధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు, వాళ్లలోనూ ఎక్కువమంది మహిళలు. వాళ్ల జీతం, గ్లవ్స్, ప్రమాద పరిహారం, పర్మినెంటు, కాంట్రాక్టు అన్నీ కౌన్సిల్లోనూ స్టాండింగ్ కమిటీలోనూ తేలతాయి. ఆ గదిలో వాళ్ల గొంతు ఎప్పుడైనా వినిపించిందా? సమ్మె చేసి రోడ్డు మీద కూర్చుంటే తప్ప వినరు. పొద్దున డ్యూటీ దిగాక, ఇంటి అరుగు మీద కూర్చుని, తెలుగులోనో ఉర్దూలోనో, ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడే వీలు కల్పించడానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ఇది అడగాలనుకునే విద్యార్థి సంఘాలు రేపే మొదలుపెట్టగలిగిన పనులున్నాయి. మీ మున్సిపాలిటీ గత ఏడాది సర్వసభ్య సమావేశాల ఎజెండాలు, మినిట్స్, హాజరు పట్టిక సమాచార హక్కు కింద అడగండి. వార్డు కమిటీ సభ్యుల పేర్లు, వాళ్లు కూర్చున్న తేదీలు అడగండి. ఎస్సీ కాలనీల పనులు ఎజెండాలో ఎన్నిసార్లు వచ్చాయో, ఎన్నిసార్లు ‘వాయిదా’ అని రాశారో లెక్కగట్టండి. మాట్లాడే వంతు కావాలని అడిగేటప్పుడు దాని నియమాలు కూడా అప్పుడే అడగండి: పేరు బయటపెట్టలేని మనిషి తరఫున ఇంకొకరు చదవవచ్చా, వీడియోలో గొంతు మార్చవచ్చా, ఎవరిని ముందు పిలుస్తారు, సమయం తగ్గించే అధికారం ఎవరిది. సియాటిల్‌లో ఆ ప్రశ్నలు జనం బారులు తీరిన రోజున, తలుపు దగ్గర తేలాయి.